పార్లమెంటు జనరల్ ఫెయిర్‌ఫాక్స్ సైనిక జీవితాన్ని వరుసలో పెట్టడం ఎలా

1640ల ఇంగ్లండ్ అంతర్యుద్ధాల్లో రాజు చార్లెస్‌కు ఎదురుగా పార్లమెంటు వైపు నిలిచిన జనరల్ గురించి రాయాలనుకున్నవాళ్ళు సాధారణంగా యుద్ధాల జాబితాతో మొదలుపెడతారు. తేదీ, స్థలం, గెలిచాడా ఓడాడా. పదిహేను వరుసలు పూర్తయ్యాక చూస్తే ఆ మనిషి ఒక ఏడాది ఎందుకు మెరుపులా కదిలాడో, మరుసటి ఏడాది ఎందుకు చతికిలపడ్డాడో ఒక్క ముక్క అర్థం కాదు. జాబితాను నియామకాలతో మొదలుపెట్టాలి. ఆ రోజున అతని చేతిలో ఏ నియామక పత్రం ఉంది, దాన్ని ఎవరిచ్చారు, దాని బలంతో ఎవరికి హుకుం జారీ చేయగలడు, ఆ సైనికులకు జీతం ఎక్కణ్ణుంచి వస్తోంది అన్న నాలుగు గళ్ళు ముందు నింపండి. యుద్ధాలు వాటి చోట్లలోకి వచ్చి కూర్చుంటాయి.

నమూనాగా సర్ థామస్ ఫెయిర్‌ఫాక్స్‌ను తీసుకుందాం. 1612లో యార్క్‌షైర్‌లోని డెంటన్‌లో పుట్టి, 1645 నుంచి 1650 వరకు పార్లమెంటు ప్రధాన సేనాధిపతిగా పనిచేసినవాడు. ఈ పనిలో ఎదురయ్యే చిక్కులు దాదాపు అన్నీ ఇతని విషయంలో ఒక్కచోటే తగులుతాయి.

పేరు ఎవరిదో ముందు తేల్చుకోండి

పత్రాల్లో "లార్డ్ ఫెయిర్‌ఫాక్స్" కనిపించగానే మనవాడే అనుకోకూడదు. 1640 దాకా ఆ బిరుదు తాతది, అతని పేరూ థామసే. 1640 నుంచి 1648 మార్చి దాకా తండ్రి ఫెర్డినాండోది. తండ్రి పోయాకే మన ఫెయిర్‌ఫాక్స్ లార్డ్ అయ్యాడు. 1643 నాటి ఉత్తరంలో లార్డ్ ఫెయిర్‌ఫాక్స్ అంటే తండ్రి, సర్ థామస్ అంటే కొడుకు. ఇది స్కాట్లండ్ బిరుదు కాబట్టి ఫెర్డినాండో లార్డ్ అయి ఉండి కూడా కామన్స్ సభలోనే కూర్చునేవాడు. అది చూసి పొరపాటు పడి అతన్ని లార్డ్స్ సభలో చేర్చకండి.

ఎదుటి పక్షంలోనూ ఇదే తంటా. ఫెయిర్‌ఫాక్స్ 1643లో వేక్‌ఫీల్డ్‌లో బందీగా పట్టుకున్నది జార్జ్ గోరింగ్‌నే, 1648లో కోల్చెస్టర్‌లో లొంగదీసుకున్నదీ జార్జ్ గోరింగ్‌నే. మొదటివాడు కొడుకు, రెండోవాడు నార్విచ్ ఎర్ల్ అయిన తండ్రి. పార్లమెంటు వైపు సర్ విలియం వాలర్ వేరు, న్యూ మోడల్ సైన్యంలో (1645లో పార్లమెంటు ఏర్పాటు చేసిన కొత్త సేన) కల్నల్‌గా ఉన్న సర్ హార్డ్రెస్ వాలర్ వేరు. ఎడ్వర్డ్ మాంటెగ్యూ పేరుతో మాంచెస్టర్ ఎర్ల్ ఒకడు, న్యూ మోడల్ కల్నల్ ఇంకొకడు. పేర్ల కోసం విడిగా ఒక కాగితం పెట్టుకుని, ఏ బిరుదు ఏ తేదీ నుంచి ఎవరిదో రాసుకున్నాకే ముందుకు కదలండి. ఇక్కడ తప్పితే తర్వాత దిద్దుకోవడం నరకం.

తేదీలు

ఆనాటి ఇంగ్లండ్‌లో కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. కాబట్టి జనవరి 1 నుంచి మార్చి 24 దాకా ఉన్న తేదీలకు మూల పత్రంలో కనిపించే సంవత్సరం మన లెక్కకు ఒకటి తక్కువ. ఫెయిర్‌ఫాక్స్‌ను ప్రధాన సేనాధిపతిగా కామన్స్ సభ ఎన్నుకున్నది మన లెక్కలో 1645 జనవరి 21న. అప్పటివాళ్ళకు అది 1644. ఇలాంటి చోట 1644/5 అని రెండూ రాసుకోండి. రాయకపోతే సేనాధిపతి పదవి 1644 జూలైలో జరిగిన మార్‌స్టన్ మూర్ యుద్ధానికి ముందే వచ్చినట్టు తేలుతుంది, కథంతా తలకిందులవుతుంది.

సంవత్సరాన్ని సరిచేయండి గానీ రోజును కదపకండి. ఇంగ్లండ్ వాడింది జూలియన్ కేలండరు, అది యూరప్‌లో చాలా దేశాలు వాడిన గ్రెగోరియన్ కేలండరుకు 10 రోజులు వెనక. వెనిస్, పారిస్ రాయబారుల ఉత్తరాల నుంచి తేదీ తీసుకుంటేనే 10 రోజులు తగ్గించాలి. సరిచూడడానికి వారం పేరు బాగా పనికొస్తుంది. నేస్బీ యుద్ధం జరిగిన 1645 జూన్ 14 శనివారం. మీ కంప్యూటర్ కేలండరులో చూసి బుధవారం అని వస్తే అది గ్రెగోరియన్ లెక్క చెబుతోందని అర్థం. మీ తేదీలో తప్పేమీ లేదు.

హోదాలు

లెఫ్టినెంట్ జనరల్ అంటే సేనాధిపతి తర్వాతి స్థానం, మామూలుగా గుర్రపు దళానికి అధిపతి. సార్జెంట్ మేజర్ జనరల్ కాల్బలానికి అధిపతి. ఉత్త సార్జెంట్ మేజర్ అంటే ఇప్పటి మేజర్. కాలక్రమంలో ముందున్న సార్జెంట్ రాలిపోయింది కాబట్టే ఈనాటికీ మేజర్ జనరల్ కన్నా లెఫ్టినెంట్ జనరల్ పైవాడు. న్యూ మోడల్‌లో కాల్బలం ఫిలిప్ స్కిప్పన్‌ది, గుర్రపు దళం 1645 జూన్ నుంచి ఆలివర్ క్రామ్‌వెల్‌ది, ఇద్దరి మీదా ఫెయిర్‌ఫాక్స్. 1655 తర్వాత కనిపించే మేజర్ జనరళ్ళు జిల్లాలను పాలించిన అధికారులు, వాళ్ళను ఈ లెక్కలో కలపకండి.

మొదటి నియామకం: తండ్రి కింద, 1642 నుంచి 1644 దాకా

మొదటి గడిలో ఉత్తరాన పార్లమెంటు సేనకు అధిపతి ఫెర్డినాండో, అతని కింద గుర్రపు దళాధిపతి థామస్ అని రాసుకోండి. డబ్బు గడి అంతకన్నా ముఖ్యం. మనుషులూ డబ్బూ వచ్చింది లీడ్స్, బ్రాడ్‌ఫర్డ్, హాలిఫాక్స్ లాంటి వెస్ట్ రైడింగ్ (యార్క్‌షైర్ పడమటి భాగం) ఉన్ని బట్టల పట్టణాల నుంచి. ఇది తెలిస్తే ఆ రెండేళ్ళ కదలికలు వాటంతటవే విడిపోతాయి.

1642 డిసెంబరులో టాడ్‌కాస్టర్ దగ్గర నిలవలేక సేన సెల్బీకి తగ్గడంతో బట్టల పట్టణాలతో సంబంధం తెగింది. అందుకే థామస్ వెంటనే బ్రాడ్‌ఫర్డ్ వైపు దూసుకెళ్ళి 1643 జనవరి 23న లీడ్స్ పట్టుకున్నాడు. మార్చి 30న సీక్రాఫ్ట్ దగ్గర గోరింగ్ గుర్రపు దళం అతని కాల్బలాన్ని చిత్తు చేసి చాలామందిని ఖైదు చేసింది. ఆ ఖైదీలను విడిపించుకోవాలంటే మార్చుకోవడానికి చేతిలో ఖైదీలు ఉండాలి. మే 21 తెల్లవారుజామున వేక్‌ఫీల్డ్ మీద పడడానికి అసలు కారణం అదే. యుద్ధాల జాబితాలో ఈ రెండూ ఒక ఓటమి, ఒక గెలుపు. కారణాల వరుసలో రెండోది మొదటి దానికి బదులు.

జూన్ 30న అడ్వాల్టన్ మూర్‌లో రాజపక్ష సేనాధిపతి న్యూకాజిల్ ఎర్ల్ చేతిలో తండ్రీకొడుకులు ఓడిపోయారు. దీని పక్కన సైనికుల నష్టం మాత్రమే రాస్తే సగమే రాసినట్టు. వెస్ట్ రైడింగ్ పోయింది, దాంతో జీతాల ఊట ఎండిపోయింది. హల్ రేవు ఒక్కటే మిగిలింది. ఆ తర్వాత థామస్ గుర్రాలతో హంబర్ నది దాటి లింకన్‌షైర్ చేరడం, అక్టోబరు 11న విన్స్‌బీలో క్రామ్‌వెల్‌తో కలిసి గెలవడం, చలికాలంలో చెషైర్ దాకా నడిచి 1644 జనవరి 25న నాంట్‌విచ్ ముట్టడిని ఛేదించడం, ఇవన్నీ సొంత జిల్లా పోగొట్టుకున్న దళాధిపతి పనులుగా చదవాలి. ఏప్రిల్ 11న సెల్బీని గెలిచి తండ్రీకొడుకులు మళ్ళీ యార్క్‌షైర్‌లో కాలూనారు.

ఒక యుద్ధాన్ని విప్పి చూపడం: మార్‌స్టన్ మూర్

ప్రతి యుద్ధానికీ విడిగా నాలుగు వరుసలు రాయండి: మొత్తం సేనకు ఎవరు అధిపతి, మనవాడి చేతిలో ఉన్నది ఎంత, అతని భాగానికి ఏమైంది, మొత్తం సేనకు ఏమైంది. చివరి రెండూ వేర్వేరుగా ఉండి తీరాలి. 1644 జూలై 2 యుద్ధంతో అది స్పష్టమవుతుంది.

ఆ రోజు మూడు సేనలు కలిశాయి. స్కాట్లండ్ సేన లీవెన్ ఎర్ల్‌ది, తూర్పు జిల్లాల సేన మాంచెస్టర్ ఎర్ల్‌ది, యార్క్‌షైర్ సేన ఫెర్డినాండోది. అందరిలో పెద్దరికం లీవెన్‌ది. థామస్ చేతిలో ఉన్నది కుడి పక్కనున్న గుర్రపు దళం. అతని ముందున్న నేల ఎగుడుదిగుడు, దాటాల్సింది కంచెలు, గోతుల మధ్య ఇరుకు దారి, అటుపక్క గోరింగ్ గుర్రాలూ తుపాకీ వాళ్ళూ. థామస్ సుమారు 400 మందితో ఎదుటి వరుసను చీల్చుకుని కొంతమందిని యార్క్ వైపు తరిమాడు. వెనక్కి తిరిగి చూసేసరికి తన మిగతా దళం చెదిరిపోయింది, చుట్టూ శత్రువులు. పార్లమెంటు వాళ్ళు గుర్తు కోసం టోపీలకు తెల్ల గుడ్డో కాగితమో పెట్టుకున్నారు. అతను దాన్ని పీకేసి, చెంప మీద కత్తి గాటుతో, రాజు సైనికుల మధ్యనుంచే గుర్రం నడిపించుకుని ఎడమ పక్కనున్న మాంచెస్టర్ గుర్రపు దళాన్ని చేరుకున్నాడు. తమ్ముడు చార్లెస్ ఆ యుద్ధంలో తగిలిన గాయాలతో చనిపోయాడు. గెలిపించింది ఎడమ పక్కనున్న క్రామ్‌వెల్, డేవిడ్ లెస్లీల గుర్రాలు.

కాబట్టి మూడో వరుసలో "కుడి పక్క విరిగింది", నాలుగో వరుసలో "సేన గెలిచింది" అని రాయాలి. "ఫెయిర్‌ఫాక్స్ మార్‌స్టన్ మూర్ విజేత" అని ఒక్క మాటలో తేల్చేసే వాక్యం రెండు వైపులా తప్పే.

ఆ ఏడాది రెండో సగంలో మీ పట్టిక పలచబడుతుంది. హెల్మ్స్‌లీ కోట ముట్టడిలో భుజానికి తుపాకీ గుండు తగిలి అతను ప్రాణాపాయంలో పడ్డాడు. ఖాళీ కనబడినప్పుడల్లా ముందు గాయం, జబ్బు, ముట్టడి ఈ మూడూ వెతకండి. రాజకీయ కారణాలు ఊహించడం ఆ తర్వాత.

రెండో నియామకం: న్యూ మోడల్, 1645

ఇక్కడ మూడు నిర్ణయాలు పక్కపక్కన పెట్టుకోవాలి. జనవరి 21 ఓటుతో మనిషి ఎంపిక. ఫిబ్రవరి శాసనంతో సేన ఏర్పాటు. ఏప్రిల్ 3 నాటి స్వయం త్యాగ శాసనంతో పార్లమెంటు సభ్యులు 40 రోజుల్లో సైనిక పదవులు వదలాలి. దీని మొదటి రూపాన్ని లార్డ్స్ సభ జనవరిలో తోసిపుచ్చింది. రెండో రూపం పదవి వదలమంది గానీ మళ్ళీ నియమించకూడదని అనలేదు. క్రామ్‌వెల్ మళ్ళీ రాగలిగింది ఆ సందులోనుంచే. ఫెయిర్‌ఫాక్స్ అప్పటికి సభ్యుడు కాడు కాబట్టి శాసనం అతన్ని తాకలేదు, అతని ఎంపికకు అదొక కారణం కూడా. సభ్యుడైన తండ్రి మాత్రం తప్పుకోవాల్సి వచ్చింది.

నియామక పత్రాల మాటలు పోల్చి చదవండి. 1642లో ఫెయిర్‌ఫాక్స్‌కు ముందు ప్రధాన సేనాధిపతి అయిన ఎసెక్స్ ఎర్ల్‌కు ఇచ్చిన పత్రంలో రాజు శరీరాన్ని కాపాడడం అనే మాట ఉంది. 1645లో ఫెయిర్‌ఫాక్స్‌కు ఇచ్చినదాంట్లో దాన్ని తీసేశారు. లార్డ్స్ సభ దాని మీద గొడవపడింది. ఈ ఒక్క మాట తీసివేతను పట్టుకుంటే, యుద్ధం ఎటు పోతోందో చెప్పడానికి పేజీలు అక్కర్లేదు.

పత్రం వచ్చినంత మాత్రాన చేతులు విడివడవు. 1645 మేలో ఫెయిర్‌ఫాక్స్‌ను నడిపింది లండన్‌లో కూర్చున్న ఉభయ రాజ్యాల (ఇంగ్లండ్, స్కాట్లండ్) కమిటీ. రాజు సైనికుల ముట్టడిలో ఉన్న టాంటన్‌ను ఆదుకోమని పంపి, బ్లాండ్‌ఫర్డ్ దాకా వెళ్ళాక వెనక్కి పిలిచి, రాజు ముఖ్య స్థావరమైన ఆక్స్‌ఫర్డ్‌ను ముట్టడించమంది. మే 31న రాజు లెస్టర్ పట్టణాన్ని కొల్లగొట్టాకే కమిటీకి కళ్ళు తెరుచుకున్నాయి, పగ్గాలు వదిలింది. రెండు వారాల్లో నేస్బీ, జూలై 10న లాంగ్‌పోర్ట్, సెప్టెంబరులో బ్రిస్టల్, 1646 జూన్ 24న ఆక్స్‌ఫర్డ్. పట్టికలో జూన్ మొదటివారాన్ని విడిగా గీత గీసి చూపించండి, అసలు మలుపు అక్కడుంది.

ఈ సేనను క్రామ్‌వెల్ సేన అని రాయడం చాలా పాత అలవాటు. కెప్టెన్ నుంచి పైకి అధికారుల పేర్లు ప్రతిపాదించింది ఫెయిర్‌ఫాక్స్, ఆమోదించింది పార్లమెంటు. క్రామ్‌వెల్ నేస్బీకి ముందురోజు వచ్చి చేరాడు.

సంఖ్యలు

న్యూ మోడల్ 22,000 మంది అన్నది కాగితం మీద లెక్క. 1,200 చొప్పున 12 కాల్బల రెజిమెంట్లు, 600 చొప్పున 11 గుర్రపు రెజిమెంట్లు, 1,000 మంది డ్రాగూన్లు (గుర్రాల మీద వెళ్ళి, దిగి పోరాడే తుపాకీ సైనికులు). గుర్రపు దళానికి పాత సేనల్లోని మంచి రౌతులు ఉత్సాహంగా వచ్చారు. కాల్బలం మాత్రం నిండలేదు, బలవంతంగా పట్టుకొచ్చి నింపారు, వాళ్ళలో దొరికిన దారిన పారిపోయినవాళ్ళు ఎక్కువ. నేస్బీ గెలిచాక కూడా కొల్లసొమ్ము మూటగట్టుకుని ఇంటికి పోయినవాళ్ళున్నారు. కాబట్టి ప్రతి సంఖ్య పక్కన అది శాసనంలోదా, హాజరు పట్టీలోదా, ఎవరి అంచనానా అని ఒక గుర్తు పెట్టండి. వార్తాపత్రికలు చెప్పే చావుల లెక్కలో గెలిచినవాళ్ళు ఎదుటివాళ్ళను పెంచుతారు, తమవాళ్ళను తగ్గిస్తారు. ఇద్దరూ ఒప్పుకునే ఖైదీల లెక్క వాటికన్నా నమ్మదగింది.

జీతాల లెక్క తప్పకుండా వేయండి

1647లో సేన పార్లమెంటు మీద తిరగబడడం ఫెయిర్‌ఫాక్స్ జీవితంలో అన్నిటికన్నా తికమక ఘట్టం. మతం, రాజకీయం గురించి రాసేముందు ఒక చిన్న లెక్క వేయండి. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు. కాల్బలంలో మనిషికి రోజుకు 8 పెన్నీలు, రౌతుకు 2 షిల్లింగులు, అందులోనే గుర్రం మేత కూడా. ఆ ఏడాది వసంతానికి కాల్బలానికి 18 వారాలు, గుర్రపు దళానికి 43 వారాలు బకాయి. అంటే ఒక కాల్బంటుకు 126 రోజులకు 1,008 పెన్నీలు, 4 పౌన్ల 4 షిల్లింగులు. రౌతుకు 301 రోజులకు 30 పౌన్ల 2 షిల్లింగులు. సేనను రద్దు చేస్తూ పార్లమెంటు మొదట ఇవ్వజూపింది 6 వారాలది, తర్వాత పెంచింది 8 వారాలకు. 8 వారాలంటే కాల్బంటుకు 1 పౌను 17 షిల్లింగుల 4 పెన్నీలు. మిగతాది ఎప్పుడొస్తుందో ఎవరూ చెప్పలేదు.

ఈ లెక్క పక్కన ఉంటే ఆగస్టు 6న ఫెయిర్‌ఫాక్స్ సేనతో లండన్‌లో అడుగుపెట్టడం, అక్టోబరు చివర దేశ పాలన ఎలా ఉండాలో సైనిక ప్రతినిధులు వాదించుకున్న పట్నీ చర్చలు, నవంబరు 15న వేర్ దగ్గర కార్క్‌బుష్ మైదానంలో తిరగబడ్డ సైనికులను అతనే అణచడం ఒక తీగలోవే అని తెలుస్తుంది. సైనికుల బకాయి కోసం పార్లమెంటుకు ఎదురు నిలబడ్డాడు, హుకుం ధిక్కరిస్తే అదే సైనికులకూ ఎదురు నిలబడ్డాడు.

లొంగుబాటు షరతులు మాట మాటా చదవండి

1648లో కోల్చెస్టర్ ముట్టడి జూన్ 13న మొదలై 11 వారాలు సాగింది. ఆగస్టు 28న లొంగిపోయిన రాజపక్ష అధికారులు సర్ చార్లెస్ లూకస్, సర్ జార్జ్ లిస్లేలను కాల్చి చంపారు. ఇది న్యాయమా హత్యా అని అప్పటినుంచీ వాదులాడుతూనే ఉన్నారు. వాదనలోకి దిగేముందు షరతుల్లో చూడాల్సింది ఒకటుంది: సామాన్య సైనికులకు ప్రాణహామీ ఇచ్చారు, పై అధికారులు మాత్రం గెలిచినవాడి దయకు లొంగాలి. దయకు లొంగడమంటే ప్రాణానికి హామీ లేనట్టే. రెంటినీ ఒకటిగా రాస్తే ఫెయిర్‌ఫాక్స్ మాట తప్పినట్టు తేలుతుంది. షరతు అంతే చెప్పినా, చంపి తీరాలని ఎక్కడా లేదు. యుద్ధ మండలి నిర్ణయించింది, ఫెయిర్‌ఫాక్స్ ఖరారు చేశాడు. నార్విచ్, కేపెల్ లాంటి ప్రభువుల సంగతి పార్లమెంటుకు వదిలాడు. ఈ తేడా ఎందుకు చూపాడో మీ వ్యాసం చెప్పాలి.

ఆధారాలను ఏ వరుసలో నమ్మాలి

పదవులు, ఓట్లు, తేదీలకు కామన్స్, లార్డ్స్ సభల కార్యకలాపాల రికార్డులు. డబ్బు, హాజరుకు లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న జాతీయ అభిలేఖాగారంలో ఎస్‌పీ 28 కట్టలు, జీతాల ఉత్తర్వులూ రసీదులూ అక్కడున్నాయి. వార్తాపత్రికలు, కరపత్రాలకు బ్రిటిష్ లైబ్రరీలోని జార్జ్ థామసన్ సేకరణ. థామసన్ పుస్తకాల వ్యాపారి. చాలా ప్రతుల మీద చేత్తో తేదీ వేశాడు. అది ఆ కాగితం తన చేతికి వచ్చిన రోజు, సంఘటన జరిగిన రోజు కాదు. మొదటి వార్తను వెంటనే నమ్మకండి. మార్‌స్టన్ మూర్‌లో రాజు గెలిచాడన్న కబురు విని ఆక్స్‌ఫర్డ్‌లో సంబరాల మంటలు వేశారు.

ఫెయిర్‌ఫాక్స్ తన గురించి తాను రాసుకున్నదాన్ని చివర చదవండి. రాసింది 1660లో రాజరికం తిరిగొచ్చాక, కోల్చెస్టర్ గురించి సంజాయిషీ చెప్పుకోవాల్సిన రోజుల్లో. తన ఓటముల గురించి రాసిన చోట నమ్మొచ్చు. సమర్థించుకున్న చోట షరతుల పత్రాన్ని పక్కన పెట్టుకుని చదవాలి.

హాజరుకానిది కూడా నమోదు చేయాలి

రాజు చార్లెస్ విచారణకు నియమించిన 135 మందిలో ఫెయిర్‌ఫాక్స్ పేరుంది. 1649 జనవరి 8న తొలి సమావేశానికి వచ్చాడు, మళ్ళీ రాలేదు. జనవరి 20న విచారణలో పేరు పిలిచినప్పుడు అతని భార్య ఆన్ పై వరుసలోంచి అరిచి అభ్యంతరం చెప్పింది. జనవరి 30న రాజు తల తీశారు. ఇక్కడ అతని మనసులో ఏముందో రాయాలన్న తహతహను ఆపుకోండి. పట్టికకు ఎక్కాల్సినవి రెండే: ఒక్కసారి వెళ్ళాడు, పదవి వదల్లేదు. అదే ఏడాది మేలో బర్‌ఫర్డ్ దగ్గర లెవెలర్ల (సామాన్యులకూ రాజకీయ హక్కులు అడిగిన వర్గం) తిరుగుబాటును అణచింది అతనూ క్రామ్‌వెలే.

1650 జూన్‌లో స్కాట్లండ్ మీదికి దండెత్తమన్నారు. వాళ్ళొచ్చి పడితే పోరాడతాను, స్కాట్లండ్‌తో చేసుకున్న 1643 ఒప్పందం ఉండగా మనమే వెళ్ళి పడడం కుదరదన్నాడు. క్రామ్‌వెల్, తోటి సేనాని లాంబర్ట్ తదితరులు నచ్చజెప్పినా వినలేదు. జూన్ 26న ఆ స్థానం క్రామ్‌వెల్‌కు దక్కింది. ప్రధాన పట్టిక ఇక్కడ ఆపేయండి. 1660 జనవరిలో స్కాట్లండ్ నుంచి సేనతో వచ్చిన జనరల్ జార్జ్ మంక్‌కు తోడుగా యార్క్‌షైర్ పెద్దమనుషులను కూడగట్టినప్పుడు అతనికి సేనాధిపతి పదవి లేదు, దాన్ని అనుబంధంలో పెట్టండి. 1671 నవంబరు 12న చనిపోయాడు.

ఈ పద్ధతిని రెండోసారి ఎసెక్స్ మీద వాడి చూడండి, సులువు: ఒకే నియామకం, 1642 జూలై నుంచి 1645 ఏప్రిల్ 2న రాజీనామా దాకా. జార్జ్ మంక్ జోలికి మాత్రం ఆఖర్న వెళ్ళండి. అతను నాంట్‌విచ్‌లో ఫెయిర్‌ఫాక్స్ చేతికి చిక్కిన రాజపక్ష అధికారి, రెండేళ్ళకు పైగా లండన్ టవర్ కోటలో ఖైదీ, ఆ తర్వాత పార్లమెంటు కొలువులో ఐర్లండ్ వెళ్ళినవాడు. అతనికి ఒక్క పట్టిక చాలదు, కొలువు మారినప్పుడల్లా కొత్తది మొదలుపెట్టాలి.